ఉదంతం నుండి సిద్ధాంతానికి: నిర్వహణ శాస్త్ర పరిశోధనలో కేస్ స్టడీ

ఏ శాస్త్రమైనా రెండు పనులు చేయవలసి ఉంటుంది. ఉన్న సిద్ధాంతం లోకానుభవంతో సరిపోతున్నదో లేదో పరీక్షించడం మొదటిది. అనుభవాన్ని శ్రద్ధగా గమనించి, ఇంతవరకు లేని సిద్ధాంతాన్ని నిర్మించడం రెండవది. మన వాణిజ్య, నిర్వహణ శాస్త్ర తరగతులలో మొదటి పనిని గురించి కొంత బోధన జరుగుతున్నది. ప్రశ్నావళి, నమూనా, సగటు, సహసంబంధం అనే మాటలు విద్యార్థులకు పరిచితమైనవే. రెండవ పనిని గురించి మాత్రం చెప్పవలసినంత చెప్పడం లేదు. సిద్ధాంతాలు ఎక్కడో దూరదేశాలలో పుట్టి, పాఠ్యగ్రంథాల ద్వారా మన దాకా వస్తాయనీ, వాటిని కంఠస్థం చేయడమే మన వంతు అనీ ఒక భావం స్థిరపడిపోయింది.

దీని ఫలితం విద్యార్థులు సమర్పించే ప్రాజెక్టు నివేదికలలో స్పష్టంగా కనిపిస్తుంది. మొదటి అధ్యాయంలో ఒక సిద్ధాంతం, రెండవ అధ్యాయంలో సంస్థ చరిత్ర, మూడవ అధ్యాయంలో యాభై మందికి పంచిన ప్రశ్నావళి, చివరకు ‘పై సిద్ధాంతం ఇక్కడ కూడ నిజమని తేలినది’ అనే వాక్యం. ఆ నివేదికలోని సంస్థ పేరు తీసివేసి మరొక సంస్థ పేరు పెట్టినా ఒక్క వాక్యం మార్చనక్కరలేదు. అంటే ఆ సంస్థ మనకేమీ చెప్పలేదన్నమాట. అది చెప్పలేకపోయిందా, మనం విననేలేదా అని ప్రశ్నించుకొంటే తప్పు మనదేనని ఒప్పుకోక తప్పదు. తీర్పు ముందే వ్రాసుకొని సాక్షులను పిలవడం వంటిది ఈ పని.

ఇందుకు భిన్నమైన మార్గం ఒకటి ఉన్నది. కొద్ది ఉదంతాలను లోతుగా పరిశీలించి, వాటిని ఒకదానితో ఒకటి పోల్చి, వాటి నుండి సిద్ధాంతాన్ని రాబట్టే పద్ధతి అది. దాని స్వరూపాన్ని, పరిమితులను విద్యార్థుల ముందుంచడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఉదాహరణ వేరు, ఉదంతం వేరు

ఇంగ్లీషులో ‘కేస్’ అనే మాటను మనం రెండు అర్థాలలో వాడుతున్నాము. ఉపాధ్యాయుడు ఒక సూత్రం చెప్పి, దానిని బోధపరచడానికి ఒక కథ చెప్పినప్పుడు ఆ కథ ఉదాహరణ. సూత్రం ముందు, కథ తరువాత. కథ మారినా సూత్రం మారదు. ఇంకా ఎవరికీ అంతు తెలియని వ్యవహారం ఒకటి మన ముందుకు వచ్చినప్పుడు అది ఉదంతం. ఇక్కడ వ్యవహారం ముందు, సూత్రం తరువాత. ఉర్దూ మాధ్యమంలో చదివిన మన విద్యార్థులకు ఈ భేదం సులభంగా తెలుస్తుంది. మొదటిది ‘మిసాల్’, రెండవది ‘మామలా’. మిసాల్ మనతో ఎన్నడూ వాదించదు, మామలా వాదిస్తుంది. మనం అనుకొన్నది కాదని చెప్పగల శక్తి దానికి ఉన్నది. పరిశోధనకు పనికివచ్చేది ఆ శక్తియే.

ఈ దృష్టితో పరిశోధన చేసే విధానాన్ని క్రమబద్ధంగా చెప్పినవారిలో బార్నీ గ్లేసర్, ఆన్సెల్మ్ స్ట్రాస్ అనే సమాజ శాస్త్రజ్ఞులు ముఖ్యులు. 1967లో ప్రచురించిన తమ గ్రంథంలో వారు, సిద్ధాంతాన్ని ఊహించి తరువాత సమాచారం వెదకడానికి బదులు, సమాచారం నుండియే సిద్ధాంతాన్ని ఎత్తి నిలపవచ్చునని ప్రతిపాదించారు. 1984లో రాబర్ట్ యిన్ కేస్ స్టడీ పరిశోధనకు ఒక ప్రణాళికను, నియమాలను కూర్చి గ్రంథం వ్రాశారు. 1989లో కాథ్లీన్ ఐసెన్‌హార్ట్ ‘అకాడమీ ఆఫ్ మేనేజ్‌మెంట్ రివ్యూ’ అనే పత్రికలో ప్రకటించిన వ్యాసం ఈ రెండు ధోరణులను కలిపి, నిర్వహణ శాస్త్ర విద్యార్థికి అడుగడుగునా దారి చూపింది. వారు చెప్పిన నియమాలను వల్లించే ముందు, ఆ పని నిజంగా ఎట్లా జరుగుతుందో రెండు ఉదంతాలలో చూద్దాము. ఒకటి మన దేశపు బట్టల మిల్లులో, మరొకటి మన కర్నూలు జిల్లా పొలాలలో జరిగినవి.

అహమ్మదాబాదు మగ్గాల శాల

కథ ఇంగ్లండులోని బొగ్గు గనులలో మొదలవుతుంది. అక్కడ పూర్వం చిన్న చిన్న జట్లుగా కార్మికులు బొగ్గు తవ్వేవారు. ఒక జట్టు తన పనినంతటినీ తానే చూసుకొనేది. తరువాత యంత్రాలు వచ్చి, పొడవైన ఒకే ముఖాన తవ్వకం మొదలై, పని మూడు షిఫ్టుల మధ్య ముక్కలయింది. ఒక షిఫ్టువారు మిగిల్చిన చిక్కు మరొక షిఫ్టువారి నెత్తిన పడేది. యంత్రం మెరుగైనది గాని ఆశించిన ఉత్పత్తి రాలేదు. లండనులోని టావిస్టాక్ సంస్థకు చెందిన ఎరిక్ ట్రిస్ట్, కెన్ బ్యామ్‌ఫర్త్ ఈ పరిస్థితిని పరిశీలించి 1951లో వ్యాసం ప్రకటించారు. బ్యామ్‌ఫర్త్ స్వయంగా గని కార్మికుడుగా పని చేసిన వ్యక్తి కావడం ఇక్కడ గమనింపదగినది. యంత్ర వ్యవస్థ, మానవ సంబంధాల వ్యవస్థ రెండూ ఒకదానితో ఒకటి పొసగినప్పుడే పని సాగుతుందని వారు తేల్చారు. ఈ భావానికే తరువాత సాంఘిక సాంకేతిక వ్యవస్థా సిద్ధాంతమనే పేరు వచ్చింది.

అయితే ఇది గనులకు మాత్రమే వర్తించే మాటా? చీకటిలో, ప్రమాదంలో పని చేసేవారికి పరస్పర ఆధారం కావాలి గనుక అక్కడ జట్టు అవసరమయిందా? ఈ ప్రశ్నకు సమాధానం మరొక గనిలో దొరకదు. గనికి ఏ విధంగానూ పోలిక లేని చోట దొరకాలి. టావిస్టాక్ సంస్థకే చెందిన ఎ.కె. రైస్‌కు అటువంటి చోటు అహమ్మదాబాదులోని కాలికో మిల్లులో లభించింది.

ఆ మిల్లులో 1952లో స్వయంచాలక మగ్గాలు ప్రవేశపెట్టారు. ఒక శాలలో 224 మగ్గాలు ఉండేవి. నేత పనిని పన్నెండు రకాల విధులుగా విభజించి, ఒక్కొక్క విధికి ఒక్కొక్కరిని నియమించారు. ఒకడు నేసేవాడు, మరొకడు కండెలు నింపేవాడు, ఇంకొకడు తెగిన దారాలు చూసేవాడు, మరొకడు నూనె వేసేవాడు. ఒక్కొక్కరికి అప్పగించిన మగ్గాల సంఖ్య వేరువేరు. కనుక ఏ ఒక్క మగ్గానికీ బాధ్యులైన జట్టు అంటూ లేదు. కొత్త మగ్గాలు వచ్చినా ఉత్పత్తి ఆశించినంత పెరగలేదు.

1953లో రైస్ ఈ శాలను పరిశీలించి, కొన్ని మగ్గాలకు ఒక చిన్న జట్టు మొత్తంగా బాధ్యత వహించే ఏర్పాటును సూచించారు. సూచన ఆయనదే, కాని దానిని అందుకొని జట్లు కట్టుకొన్నవారు కార్మికులే. ఎవరితో ఎవరు కలసి పని చేయాలో వారే చాలవరకు నిర్ణయించుకొన్నారు. తొలినాళ్ల తడబాటు తీరిన తరువాత ఉత్పత్తి పెరిగింది, పాడయ్యే బట్ట తగ్గింది. బొగ్గు గనిలో పుట్టిన భావం నేత శాలలో కూడ నిలిచింది. దేశం వేరు, వృత్తి వేరు, భాష వేరు. అయినా కారణం ఒక్కటిగా కనిపించినప్పుడు సిద్ధాంతానికి బలం వచ్చింది.

ఇక్కడితో ఆగితే ఇది విజయగాథ మాత్రమే. పరిశోధన అక్కడ ఆగలేదు. ఉత్పత్తి పెరగడానికి జట్టు పద్ధతియే కారణమా, కూలి రేట్లలో వచ్చిన మార్పు వంటి ఇతర కారణాలు ఉన్నాయా అని తరువాతి పండితులు ప్రశ్నించారు. 1970లో టావిస్టాక్ సంస్థకే చెందిన ఎరిక్ మిల్లర్ అహమ్మదాబాదుకు తిరిగి వెళ్లి చూశారు. ఒక శాలలో జట్టు పద్ధతి చాలావరకు అట్లాగే నిలిచి ఉన్నది. ఇతర శాలలలో అది సడలి, పాత పద్ధతులు మెల్లమెల్లగా తిరిగి వచ్చాయి. మిల్లర్ 1975లో ప్రకటించిన వ్యాసం వలన సిద్ధాంతానికి కొత్త షరతు ఒకటి చేరింది. జట్టును ఏర్పరచినంత మాత్రాన చాలదు. బయటి ఒత్తిడులు దాని హద్దును చెరపకుండ పైవారు కాపాడాలి.

విద్యార్థులు ఈ భాగాన్ని ప్రత్యేకంగా మనసులో ఉంచుకోవలసినదిగా కోరుతున్నాము. మిల్లర్‌కు అన్ని శాలలలోను జట్లు నిలిచి కనిపించి ఉంటే, సిద్ధాంతం ఉన్నచోటనే ఉండేది. కొన్ని నిలిచి కొన్ని సడలినందువల్లనే అది ఒక అడుగు ముందుకు వేసింది. వైఫల్యాన్ని దాచిపెట్టిన నివేదిక విద్యకు నష్టం కలిగిస్తుందనడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

కర్నూలు కాలువ కింది గ్రామాలు

మిల్లులో యజమాని ఉంటాడు, నియమాలు ఉంటాయి. యజమాని ఎవరూ లేనిచోట ఉమ్మడి పనిని నిర్వహించేదెవరు? ఈ ప్రశ్న నిర్వహణ శాస్త్రానికి తక్కువ ముఖ్యమైనది కాదు. కాలువ నీరు, పచ్చిక బయలు, చెరువు వంటివి అందరివీ గనుక ఎవరికి వారు ఎక్కువ వాడుకొని చివరకు నాశనం చేస్తారని గారెట్ హార్డిన్ 1968లో ఒక ప్రసిద్ధ వ్యాసంలో వాదించారు. ప్రభుత్వం అదుపు చేయాలి, లేదా ఎవరి వాటా వారికి పంచి ఇవ్వాలి, మూడవ మార్గం లేదని చాలామంది నమ్మారు. పల్లె అంటేనే ఐకమత్యమనీ, పూర్వపు కట్టుబాట్లు ఉన్నచోట అందరూ కలసి పని చేస్తారనీ మరికొందరు నమ్మారు.

రాబర్ట్ వేడ్ అనే పరిశోధకుడు కర్నూలు జిల్లాలో ఈ రెండు నమ్మకాలను పక్కన పెట్టి గ్రామాలను చూశారు. ‘విలేజ్ రిపబ్లిక్స్’ అనే ఆయన గ్రంథం 1988లో వెలువడింది. కాలువ కింద సాగు చేసే 31 గ్రామాలను ఆయన పోల్చి చూశారు. కొన్ని గ్రామాలలో, చట్టం ప్రకారం ఏర్పడిన పంచాయతీతో సంబంధం లేకుండ, రైతులే నడుపుకొనే పెద్దల సభ ఉన్నది. ఆ సభకు ఒక ఉమ్మడి నిధి ఉన్నది. పంటలను కాచే కావలివాళ్లు ఉన్నారు. పొలాలన్నిటికీ వంతు ప్రకారం నీరు పారించే ఉమ్మడి మనుషులు ఉన్నారు. ఇటువంటివారిని మన పల్లెలలో నీరుగంటి అని పిలవడం ఉన్నది. పంట కోసిన తరువాత చేలలో గొర్రెల మందలను మేపుకొనే హక్కును అమ్మగా వచ్చిన సొమ్ము నిధికి ముఖ్యమైన ఆధారం. మరికొన్ని గ్రామాలలో ఈ ఏర్పాట్లలో కొన్ని మాత్రమే ఉన్నాయి. ఇంకా కొన్నింటిలో ఏవీ లేవు.

ఇక్కడే ప్రశ్న పుడుతుంది. ఇవన్నీ ఒకే జిల్లా గ్రామాలు. ఒకదానికొకటి కొద్ది మైళ్ల దూరంలో ఉన్నవి. అందరిదీ తెలుగు దేశమే, అందరికీ అదే చట్టం, అవే పండుగలు, అవే ఆచారాలు. ఐకమత్యం సంప్రదాయం వలన వచ్చేదయితే అన్ని గ్రామాలలోను ఉండాలి. ఉమ్మడి ఆస్తి నాశనం కాక తప్పదన్న మాట నిజమయితే ఎక్కడా ఉండకూడదు. ఒకచోట ఉండి మరొకచోట లేకపోవడానికి కారణమేమిటి?

వేడ్ తేల్చిన కారణం నేలలోను, నీటిలోను ఉన్నది. కాలువ మొదట్లో ఉన్న గ్రామాలకు నీరు సమృద్ధిగా అందుతుంది. అక్కడ కలహించవలసిన అవసరమూ తక్కువ, కూడవలసిన అవసరమూ తక్కువ. కాలువ చివరి గ్రామాలకు నీరు వచ్చేదాకా నమ్మకం లేదు. పైగా అక్కడ నల్లరేగడి నేలలు ఎక్కువ; మేత దొరుకుతుంది గనుక మందలు ఎక్కువగా వస్తాయి; ఒక చేను కోత అయి పక్క చేను ఇంకా నిలిచి ఉంటే పైరుకు ప్రమాదం. కలసికట్టుగా లేకపోతే కలిగే నష్టం ఎక్కడ ఎక్కువో అక్కడ రైతులు కూడుతున్నారు. నష్టం స్వల్పమైన చోట కూడడం లేదు. కాలువ తలాపున ఉన్న రైతు చెడ్డవాడూ కాదు, చివర ఉన్న రైతు త్యాగమూర్తీ కాదు. వారి పరిస్థితులు వేరు.

ఈ నిర్ణయంలోని నిగ్రహాన్ని గమనించాలి. ‘గ్రామీణులు సహకరిస్తారు’ అని గాని, ‘సహకరించరు’ అని గాని ఆయన చెప్పలేదు. ఏ పరిస్థితిలో సహకరిస్తారో చెప్పారు. కేస్ స్టడీ ఇవ్వగల సిద్ధాంతం సాధారణంగా ఇట్టి రూపంలోనే ఉంటుంది: ‘ఇట్టి షరతులున్నచోట, ఈ కారణం చేత, ఇట్టి ఫలితం’. ఎలినార్ ఆస్ట్రమ్ ఇటువంటి అనేక ఉదంతాలను లోకంలోని వివిధ ప్రాంతాల నుండి సేకరించి, పోల్చి, ఉమ్మడి వనరులను చిరకాలం కాపాడుకొన్న సంస్థలలో కనిపించే ఎనిమిది లక్షణాలను 1990లో ప్రకటించిన గ్రంథంలో కూర్చారు. 2009లో ఆమెకు అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. రైతుల కట్టుబాట్లు, జాలరుల నియమాలు, కాలువల వంతులు అర్థశాస్త్రపు అత్యున్నత వేదికపై సిద్ధాంతానికి మూలాధారమైనవి.

ఉదంతాలను ఎన్నుకొనే విధం

పై రెండు కథల నుండి పద్ధతిని రాబట్టడం ఇక సులభం. మొట్టమొదట, ఉదంతాలను లాటరీ తీసినట్లు ఎన్నుకోరు. జనాభా లెక్కలలో ప్రతివారికి సమానావకాశం కావాలి. అక్కడ ‘ఎందరు’ అన్నది ప్రశ్న. ఇక్కడ ‘ఎందుకు, ఎట్లా’ అన్నది ప్రశ్న. కనుక ఆ ప్రశ్నకు వెలుగు నిచ్చే ఉదంతాలనే బుద్ధిపూర్వకంగా ఎన్నుకొంటారు. దీనిని సైద్ధాంతిక ఎంపిక అనవచ్చును.

రెండవది, ఒక ఉదంతం తరువాత మరొక ఉదంతాన్ని చేర్చడం లెక్క పెంచడానికి కాదు. శాస్త్రజ్ఞుడు ప్రయోగాన్ని తిరిగి చేసినట్లుగా దీనిని భావించాలని యిన్ చెబుతారు. కొన్ని ఉదంతాలను అదే ఫలితం వస్తుందని ఆశించి ఎన్నుకొంటాము. మరికొన్నింటిని, మనం ఊహించిన కారణం లేదు గనుక భిన్నమైన ఫలితం రావాలని ఆశించి ఎన్నుకొంటాము. కాలువ మొదటి గ్రామం, చివరి గ్రామం రెండూ కావలసి వచ్చినది ఇందుకే. చివరి గ్రామాలను మాత్రమే చూసి ఉంటే, ఐకమత్యానికి కారణం నీటి కొరతయని ఎవరు నిశ్చయించగలరు? ఆ ఊరి పెద్దమనిషి గొప్పతనమని కూడ చెప్పవచ్చును గదా.

విజయవంతమైన సంస్థలను మాత్రమే ఏరి చూస్తే కలిగే ప్రమాదానికి ప్రసిద్ధమైన నిదర్శనం ఉన్నది. 1982లో పీటర్స్, వాటర్‌మన్ అనే ఇద్దరు రచయితలు అమెరికాలోని ఉత్తమ సంస్థలను పరిశీలించి వ్రాసిన గ్రంథం లక్షల ప్రతులు అమ్ముడయింది. కొద్ది సంవత్సరాలలోనే వాటిలో కొన్ని సంస్థలు చిక్కులలో పడ్డాయి. గెలిచినవారిలో కనిపించిన గుణం ఓడినవారిలో కూడ ఉన్నదేమో చూడకుండ, ఆ గుణమే గెలుపునకు కారణమని చెప్పడం తగదు.

ఎన్ని ఉదంతాలు చాలును అనే ప్రశ్నకు, సాధారణంగా నాలుగు మొదలు పది వరకు అనుకూలమని ఐసెన్‌హార్ట్ సూచించారు. నాలుగు కంటె తక్కువైతే సంక్లిష్టమైన సిద్ధాంతానికి ఆధారం పలచబడుతుంది. పది దాటితే సమాచారపు బరువు కింద పరిశోధకుడు నలిగిపోతాడు. కొత్త ఉదంతం కొత్త విషయమేదీ చెప్పనప్పుడు ఆపవచ్చును.

సమాచారం నుండి భావానికి

ఉదంతాన్ని చేపట్టిన తరువాత సమాచారాన్ని ఒకే మార్గాన సేకరించరాదు. యజమాని మాట, పనివాని మాట, ఖాతా పుస్తకం, మన కంటితో చూసినది, ఈ నాలుగూ ఏకీభవించినప్పుడు విషయం బలపడుతుంది. ఏకీభవించనప్పుడు నిరాశ పడనక్కరలేదు. అక్కడే పరిశోధనకు తలుపు తెరుచుకొంటుంది. ఏ రోజు చూసినది ఆ రోజే వ్రాసుకోవాలి. చూసినది ఒక వైపున, దానిని గురించి మనకు తోచినది మరొక వైపున వేరుగా వ్రాసుకోవాలి. ఈ రెండూ కలసిపోతే, కొంతకాలానికి ఏది లోకమో ఏది మన ఊహయో తెలియకుండ పోతుంది.

విశ్లేషణలో మొదట ప్రతి ఉదంతాన్ని దానికదిగా పూర్తిగా తెలుసుకోవాలి. తరువాత రెండేసి ఉదంతాలను తీసుకొని పోలికలను, భేదాలను వ్రాయాలి. ఒకటిగా కనిపించే రెండింటి మధ్య భేదాన్ని, భిన్నంగా కనిపించే రెండింటి మధ్య పోలికను వెదకడం ఇందులో కీలకమైన అభ్యాసం. అప్పుడు తోచిన భావాన్ని తిరిగి ప్రతి ఉదంతంతోను సరిచూడాలి. సరిపడని ఉదంతం ఎదురైతే దానిని త్రోసివేయక, భావాన్నే సవరించాలి. చివరకు పూర్వ గ్రంథాలతో, ముఖ్యంగా మన నిర్ణయాన్ని ఖండించే గ్రంథాలతో పోల్చి చూడాలి.

ఈ శ్రమకు ఫలితం ఎట్లా ఉంటుందో ఐసెన్‌హార్ట్ స్వంత పరిశోధనయే చెబుతుంది. మైక్రో కంప్యూటర్లు తయారుచేసే ఎనిమిది సంస్థలలో నిర్ణయాలు ఎంత త్వరగా జరుగుతున్నాయో ఆమె పరిశీలించి 1989లో ప్రకటించారు. త్వరగా నిర్ణయించేవారు తక్కువ సమాచారంతో, తక్కువ ప్రత్యామ్నాయాలతో తృప్తి పడతారని అంతవరకు పలువురు భావించేవారు. ఆమెకు కనిపించినది ఇందుకు విరుద్ధం. వేగంగా నిర్ణయించే సంస్థలే తాజా సమాచారాన్ని ఎక్కువగా వాడుకొన్నాయి, ఎక్కువ ప్రత్యామ్నాయాలను ఒకేసారి తూచి చూశాయి. ‘మీరు త్వరగా నిర్ణయిస్తారా? అవును, కాదు’ అనే ప్రశ్నావళి నుండి ఈ ఫలితం వచ్చేది కాదు.

కొన్ని అభ్యంతరాలు

ఈ పద్ధతిపై అభ్యంతరాలు లేకపోలేదు. నాలుగు దుకాణాలను చూసి లోకమంతటి గురించి ఎట్లా చెబుతారని మొదటి ప్రశ్న. లోకమంతటి గురించి చెప్పడం లేదన్నదే సమాధానం. నూటికి ఎన్ని దుకాణాలు ఇట్లా ఉన్నాయో కేస్ స్టడీ చెప్పలేదు, చెప్పకూడదు. ఒక కారణం ఎట్లా పని చేస్తున్నదో అది చెబుతుంది. అదే కారణం మరెక్కడ పని చేస్తుందో తరువాతి పరిశోధన తేల్చాలి. లెక్కల పద్ధతి, ఉదంతాల పద్ధతి సవతులు కావు. ఒకటి విత్తితే మరొకటి కళ్లం మీద తూర్పారబడుతుంది.

పరిశోధకుడు తనకు నచ్చినదే చూస్తాడన్నది రెండవ అభ్యంతరం. ఇది నిజమైన ప్రమాదం. ఇద్దరు విద్యార్థులు కలసి వెళ్లి, వేరువేరుగా వ్రాసుకొని, తరువాత పోల్చి చూడడం దీనికి ఒక విరుగుడు. తన భావానికి వ్యతిరేకమైన సాక్ష్యాన్ని నివేదికలోనే స్పష్టంగా చేర్చడం మరొక విరుగుడు.

మూడవ అభ్యంతరం ఈ పద్ధతిని అభిమానించే వారి నుండియే వచ్చింది. ఎక్కువ ఉదంతాలను పట్టికలలోకి ఎక్కించే తొందరలో ఒక్కొక్క ఉదంతంలోని లోతు పోతున్నదనీ, ఒకే ఉదంతాన్ని సమగ్రంగా చెప్పిన కథయే గొప్ప సిద్ధాంతాలకు తల్లి అయినదనీ డయ్యర్, విల్కిన్స్ 1991లో వాదించారు. ఈ వాదంలో కొంత సత్యం ఉన్నది. అయితే తొలిసారిగా పరిశోధన చేసే విద్యార్థికి పోలిక ఒక ఊతకర్ర. ఒకే ఉదంతంలో మునిగిన కొత్తవానికి ప్రతి విషయమూ విశేషంగానే కనిపిస్తుంది. పక్కన మరొకటి ఉన్నప్పుడే ఏది విశేషమో తెలుస్తుంది.

మన చుట్టూ ఉన్న పాఠశాల

ఇప్పుడు ఒక అభ్యాసాన్ని సూచిస్తాము. ఇది కల్పించిన ప్రశ్న మాత్రమే, ఏ కార్ఖానాను గురించిన నిర్ణయమూ కాదు. చార్మినారు దగ్గరి లాడ్ బజారు లక్క గాజులకు ప్రసిద్ధి. అటువంటి గాజులు చేసే చిన్న కార్ఖానాలలో కొన్నింటిలో కారీగర్లు ఏళ్ల తరబడి నిలుస్తారనీ, కొన్నింటిలో సీజను దాటగానే వెళ్లిపోతారనీ అనుకొందాము. కారణమేమిటి? పేష్గీ ఇచ్చి కట్టివేయడమే కారణమని మనకు మొదట తోచవచ్చును. ప్రశ్నావళితో వెళితే ‘పేష్గీ ఇస్తారా?’ అని అడిగి, ‘అవును’లను లెక్కించి తిరిగి వస్తాము.

ఉదంతాల పద్ధతిలో నాలుగు కార్ఖానాలను వెదకాలి. పేష్గీ ఇచ్చి పనివారిని నిలుపుకొన్నది ఒకటి. ఇవ్వక పోగొట్టుకొన్నది ఒకటి. ఈ రెండూ మన ఊహకు అనుకూలమైనవి. వీటితో నేర్చుకొనేది కొంచెమే. పేష్గీ ఇచ్చినా పోగొట్టుకొన్నది మూడవది. పైసా ఇవ్వకపోయినా నిలుపుకొన్నది నాలుగవది. ఈ చివరి రెండూ మనతో వాదించే ఉదంతాలు. పని నేర్పే ఉస్తాద్ కారణమా, బాకీ చెల్లించే తీరు కారణమా, పండుగకు, పెండ్లికి సెలవిచ్చే పద్ధతి కారణమా, లేక మనం తలచనిది మరేదైనా ఉన్నదా అని అక్కడే కొన్ని దినాలు కూర్చుండి చూడాలి. యజమానిని, కారీగర్‌ను వేరువేరుగా అడగాలి. ఇంటివద్ద పని చేసే స్త్రీలు ఉంటే వారి మాట తప్పక వినాలి. వారు నమ్మి చెప్పిన మాట వారి జీవనాధారానికి ముప్పు కాకుండ పేర్లు మార్చి వ్రాయాలి.

ఈ పనిలో మన కళాశాల విద్యార్థులకు ఒక సహజమైన సౌకర్యం ఉన్నది. వారు రెండు భాషలు తెలిసినవారు. కార్ఖానాలో ఉర్దూలో విని, తరగతిలో తెలుగులో ఆలోచించగలరు. ఎందుకు ఇక్కడే ఉన్నావని అడిగినప్పుడు ఒక కారీగర్ ‘ఇజ్జత్’ అనే ఒక్క మాట చెప్పవచ్చును. జీతం, పనిగంటలు, సెలవులు అని అచ్చు వేసిన ప్రశ్నావళిలో ఆ మాటకు గడి లేదు. ఆ మాటను విని, అది ఏయే పనులలో వ్యక్తమవుతున్నదో, ఎక్కడ ఉన్నదో ఎక్కడ లేదో పోల్చి చూడగలిగినవాడు, గడులు నింపినవానికంటె సిద్ధాంతానికి దగ్గరగా ఉన్నాడు. తమ పేటలోని చిన్న వ్యాపారం, తమ తండ్రుల వృత్తి శాస్త్రానికి తగిన విషయాలు కావని మన పిల్లలు సంకోచిస్తున్నారు. గనిలోను, మగ్గాల శాలలోను, కాలువ గట్టు మీదను సిద్ధాంతాలు పుట్టిన తరువాత ఈ సంకోచానికి తావు లేదు.

ముగింపు

కళాశాల పాలక సంఘానికి ఈ సందర్భంలో రెండు విన్నపాలు చేయదలచాము. ప్రాజెక్టు పనికి విద్యార్థులు చివరి వారాలలో పరుగులు తీయకుండ, సంవత్సరం పొడవునా నియమిత దినాలలో క్షేత్రానికి వెళ్లే వెసులుబాటు కల్పించాలి. ఉత్తమ నివేదికలతో పాటు, ఊహ తప్పని తేలిన నివేదికలను కూడ గ్రంథాలయంలో భద్రపరచి, తరువాతి తరగతులకు అందుబాటులో ఉంచాలి. అహమ్మదాబాదు శాలలను సుమారు పదిహేడేండ్ల తరువాత మళ్లీ చూడగలిగినది, మొదటివారు తాము చూసినదంతా వ్రాసి ఉంచినందువల్లనే. వీటికి పెద్ద వ్యయం అక్కరలేదు.

విద్యార్థులకు చెప్పదలచినది ఒక్కటే. నివేదిక పూర్తి చేసిన తరువాత మిమ్ములను మీరు ఒక ప్రశ్న వేసుకొనండి: ‘వెళ్లకముందు నేను నమ్మిన దానిలో ఏది మారింది?’ ఏదీ మారలేదని జవాబు వస్తే, అట్ట వేయించడానికి ఇంకా సమయం రాలేదన్నమాట. మరొకసారి వెళ్లి, ఈసారి మీ ఊహకు లొంగని ఉదంతం దగ్గర కూర్చుండి వినండి.